ఏ వాక్యం ముందు

బస్టాండు వెనక సందులో కుక్క దొరికింది అన్న పీ వాక్యాన్నే చిన్నది మళ్ళీ మొదట పెట్టింది. పెట్టి, పెన్సిలు చివర కొరుకుతూ, మిగిలిన మూడూ వాటంతటవే వచ్చి దాని వెనక నిలబడతాయేమోనని చూసింది. అవి రాలేదు. ఒక ముసలాయన కుక్క తప్పిపోయింది, అది క్యూ. కనిపించిన ప్రతివాళ్ళనీ ఆయన అడిగాడు, అది ఆర్. తీరా చూస్తే అది ఆయన్ని గుర్తుపట్టలేదు, అది ఎస్. ఇంగ్లీషులో నాలుగూ పొట్టి వాక్యాలే, తెలియని మాట ఒక్కటీ లేదు, అయినా కన్ను పోయి పోయి పీ మీదే వాలుతోంది, ఎందుకంటే పీలో చోటు ఉంది. బస్టాండు, దాని వెనక సందు. అంత స్పష్టంగా చోటు చెప్పే వాక్యం చేతిలో ఉండగా ఇంకోదాన్ని ముందెలా పెడతారు? టేబుల్‌కి అవతల స్కూలు పిల్లల పేపర్లు దిద్దుకుంటున్న అక్క, తల పూర్తిగా ఎత్తకుండానే, అటు నుంచి తలకిందులుగానే చదివేసి, "తప్పిపోకముందే దొరికేసిందా కుక్క? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అంది. నవ్వుతూ అనలేదు. ఇదివరకైతే నవ్వుతూ అనేది.

రేపు పొద్దున పరీక్ష. గట్టెక్కితే కొత్తగా చేరేవాళ్ళకు పని నేర్పే ఉద్యోగం, హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టే ఉద్యోగం. తప్పితే ఇక ఆ ఫోన్ల హాల్లోనే, వయసు దాటిపోతుంది, ఇంకోసారి రాయనివ్వరు. మిగతా ఇంగ్లీషంతా ఎలాగో ఒకలా లాక్కొస్తుంది, ఈ వాక్యాలు వరసలో పెట్టే భాగం దగ్గరికి వచ్చేసరికి కిందటిసారీ, అంతకు ముందుసారీ బొక్కబోర్లా పడింది. పాపం ఆ తప్పు దాని తెలివిది కాదు, పనిది. అంబులెన్సు కావాలని జనం నంబరు నొక్కితే అవతల ఎత్తే గొంతుల్లో చిన్నదాని గొంతొకటి. చేరిన మొదటి రోజునే నేర్పారు, ముందు ఎక్కడ అని అడుగు, ఏమైంది అన్నది తర్వాత. లైను మధ్యలో తెగినా చోటు తెలిసుంటే బండి వెళ్తుంది, కథంతా తెలిసి చోటు తెలియకపోతే విన్నందుకు చెవినొప్పే మిగులుతుంది. అది ఎముకల్లోకి ఇంకిపోయింది. ఎవరైనా దారిలో ఆపి మా అబ్బాయికి ఉద్యోగం వచ్చిందమ్మా అంటే, సంతోషం అనడానికి ముందు ఎక్కడ అంటుంది. ఎవరో పోయారని చెబితే కూడా ఎక్కడ అనే అంటుంది, అని నాలుక కరుచుకుంటుంది. ఇప్పుడీ కాగితం మీద కుక్క తప్పిపోయిందంటే మాత్రం ఊరుకుంటుందా.

"తోక పట్టుకుని వెనక్కి పో, తల దొరుకుతుంది," అంది అక్క, పేపర్ల మీద ఎర్ర పెన్ను ఆడిస్తూనే. "ఆయన అని మొదలైందంటే ఆ ఆయనెవరో అంతకు ముందే చెప్పుండాలి. అందుకని అని ఉంటే ఎందుకనో పైన ఉంటుంది. ఊరికే చోటు చూసి ఎగబడకు." చిన్నది తలూపింది. తలూపింది కానీ దాని చెవుల్లో అప్పటికే హాలు మోగడం మొదలైంది, వరసల మీద వరసలుగా గొంతులు, అన్నీ తోకతోనే మొదలయ్యేవి. ఆయన లేవట్లేదండీ. అది మింగేసింది. అందుకే వద్దన్నాను, వింటేనా. ఎవరాయన, ఏమిటది, ఎందుకు వద్దన్నారు, తల ఒక్కరూ చెప్పరు, భయపడిన మనిషికి లోకమంతా తన ఇంట్లోనే ఉన్నట్టుంటుంది, ఆయనంటే ఆయనే, ఇంకెవరుంటారు? ఒకామె పొద్దున కూరగాయలకు వెళ్ళిన దగ్గరనుంచి మొదలుపెట్టి, తలుపు తీసే ఉందనీ, పిలిస్తే పలకలేదనీ, అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది, ఆ తర్వాతి మాట నోట్లోంచి రాలేదు. వాళ్ళకు తల లేదు, చిన్నదానికి తోక లేదు. బండి చేరిందని చెవిలో వినపడగానే లైను పెట్టేయాలి, ఆ వెనకే ఇంకో కాల్. బతికారా పోయారా, చివరి వాక్యం ఏ ఒక్కదానికీ తెలియదు. బస్సులో ఎవరైనా చేతికి కట్టుతో ఎక్కితే ఈయనేనేమో అనుకుంటుంది, పక్కన నిలబడ్డ ఆమె దగ్గితే ఆ దగ్గు ఎక్కడో విన్నదేమో అనుకుంటుంది, ఏమీ అడగదు, దిగిపోతుంది.

తోకల సంగతి అమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అమ్మ సినిమా హాల్లో టికెట్ల కిటికీలో కూర్చునేది. ఆలస్యంగా వచ్చేవాళ్ళకు కూడా ఇచ్చి, కిటికీ మూసి, చీకట్లో తడుముకుంటూ లోపలికి వెళ్ళేసరికి కథ సగం నడిచిపోయేది, అందుకని అమ్మ చూసిన ప్రతి సినిమా మధ్యలోంచే మొదలు. ఇంటికొచ్చి మంచం మీద ఇద్దరినీ చెరోపక్కన వేసుకుని అలాగే చెప్పేది. పెద్దది ఊరుకునేది కాదు, మొదలు చెప్పు, మొదలు చెప్పు అని అమ్మ భుజం పట్టుకుని ఊపేసేది. "ఏడుస్తున్న దగ్గర్నుంచే చూశానే. ఎందుకేడుస్తోందో రేపు కనుక్కొస్తా," అనేది అమ్మ. ఎప్పుడో ఎవరైనా కాసేపు కిటికీ దగ్గర కూర్చుంటే లోపలికి పరిగెత్తి ఆ మొదలు తెచ్చేది, అప్పటికి వీళ్ళు దాన్ని మర్చిపోయేవాళ్ళు, లేదా తామే ఇంకో మొదలు అల్లేసుకునేవాళ్ళు, అమ్మ తెచ్చినదానికంటే అదే బాగుండేది. పెద్దది పెరిగి పిల్లలకు మొదళ్ళు నేర్పే పంతులమ్మ అయింది. చిన్నది మాత్రం అమ్మ పోలికే, ఏడుస్తున్న దగ్గర్నుంచే వింటుంది.

ఎండ కిటికీలోంచి టేబుల్ మీదికి పాకింది. ఈ టేబుల్ ఇదివరకు గోడవారన ఉండేది. ఇప్పుడు వంటింటి మధ్యకు వచ్చింది, అక్కే జరిపింది, ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకోదు, నీళ్ళ సీసా తియ్యాలంటే పక్కకు ఒదిగి తియ్యాలి, అయినా వెనక్కి జరపదు. ఎందుకు జరిపిందో అడగక్కర్లేదు. అమ్మను పడుకోబెట్టిన చోటది, అక్కడ ఎవరి కాలూ పడకూడదని అక్క బల్ల తెచ్చి వేసింది. చిన్నది కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది, వచ్చిన దగ్గర్నుంచీ అలాగే ఉంది, తిమ్మిరెక్కినా కిందికి దించలేదు. ఇన్నాళ్ళకు అక్క రానిచ్చింది. కోపం కోపమే, పాఠం పాఠమే, అని ఫోన్లో అంది, వచ్చాక టీ పెట్టి ఇచ్చింది, చక్కెర ఎంతో గుర్తుంచుకుని వేసింది, కానీ కప్పు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది.

ఆ రోజూ ఇదే ఎండ. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు, అని అడిగింది చిన్నది, ఫోన్ల హాల్లో, అలవాటుగా, వీపు కుర్చీకి ఆనించి. అవతల ఆడగొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది, అమ్మ అంటోంది, వంటింట్లో అంటోంది, పడిపోయింది అంటోంది, అందరి గొంతులూ అలాంటప్పుడు ఒకేలా ఉంటాయి, అందరూ అమ్మా అనే అంటారు. ముందు చిరునామా చెప్పండి అంది. ఆమె చెప్పింది. వీధి పేరు చెప్పింది, మలుపు చెప్పింది, పక్కన ఇస్త్రీ కొట్టు అని చెప్పింది, చిన్నదాని వేళ్ళు టకటకా కొట్టేస్తూ పోయాయి, ఇస్త్రీ కొట్టు దగ్గరికి వచ్చాక గానీ తెలియలేదు ఆ వేళ్ళు కొడుతున్నది తను పుట్టి పెరిగిన ఇంటి చిరునామా అని. సొంత అక్కను పట్టుకుని, మీ ఇల్లెక్కడండీ అని అడిగింది. లోకంలో ఏ చెల్లెలైనా చేస్తుందా ఆ పని? చేతులు చల్లబడ్డాయి, నోరు మాత్రం చల్లబడలేదు, దానికి పని వచ్చు. బండి బయల్దేరిందండీ. ఫోన్ స్పీకర్లో పెట్టి కింద పెట్టండి. ఆమెను వెల్లకిలా పడుకోబెట్టండి. అమ్మను ఆమె అంది. రొమ్ము మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా నొక్కండి, నేను లెక్క చెబుతాను, నాతో పాటు పైకి లెక్కపెట్టండి.

అక్కా నేనే, అని రెండు మాటలు. నాలుక చివరిదాకా వచ్చాయి. చిన్నప్పుడు అక్క సైకిలు మీంచి పడి మోకాలు చీరుకుపోయినా ఏడవకుండా వీధంతా కుంటుకుంటూ నడిచి వచ్చి, గుమ్మంలో చెల్లెలు కనపడగానే భోరుమంది. అక్క అంతే. పరాయివాళ్ళ ముందు రాయి, సొంతవాళ్ళు కనపడితే వెన్న. నేనే అంటే ఆ చేతులు అక్కడే ఆగిపోతాయని చిన్నదానికి తెలుసు, అందుకని నేనే అనలేదు, ఆ కాసేపూ పరాయిదైంది. అంతలోనే అక్క, నొక్కుతూనే, రొప్పుతూనే, "మా చెల్లి మీ దగ్గరే పనిచేస్తుందండీ. దాన్ని పిలవండి, మీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్కసారి పిలవండి దాన్ని," అంది. "చేతులు ఆపకండి," అంది చిన్నది. ఆ మాట అన్న గొంతు ఎవరిదో చిన్నదానికి ఇప్పటికీ అంతుపట్టదు. తనలో అంత మొండిది ఒకత్తి ఉందని అంతకు ముందు తెలియదు, ఆ తర్వాత మళ్ళీ అది కనపడలేదు.

హాల్లోంచి పరిగెత్తి ఇంటికి వచ్చేసరికి అంతా అయిపోయింది. బండితో వచ్చినాయన, మొదట్లోనే ప్రాణం పోయిందమ్మా, ఎవరు ఏం చేసినా ఇంతే, అని గుమ్మంలోనే చెప్పాడు. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, చెల్లెల్ని చూసింది, చూసి ఈసారి ఏడవలేదు. "నిన్ను పిలవమన్నాను. రాలేదేం?" అంది. సీట్లో లేనక్కా, టీకి వెళ్ళాను, అంది చిన్నది. ఎందుకలా అందో, ఎవరు అనిపించారో, ఆ మాట నోట్లోంచి వచ్చి నేల మీద పడింది, ఇక తీసుకోవడానికి లేకపోయింది, ఎందుకంటే అక్క అప్పటికే అంటోంది, ఆ ఫోన్లో పిల్ల ఎవరో గానీ చివరిదాకా నన్ను వదల్లేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే. సొంతది టీ తాగుతూ కూర్చుంది, ముక్కూ మొహం తెలియని పిల్ల తోడుంది. చిన్నది వినేది, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందించేది. ఎవరిమీదైనా అసూయ పడొచ్చు గానీ తనమీద తనే పడటం ఎంత వెర్రి! అయినా పడింది. ఆ పిల్లను తలుచుకుంటే అక్క మొహం కాస్త తేటపడుతుంది, తనను చూస్తే బిగుసుకుంటుంది. ఆ పిల్ల నేనే అని చెబితే అక్కకు చెల్లెలు దొరుకుతుంది, ఆ పిల్ల పోతుంది. అమ్మ పోయింది చాలదన్నట్టు ఆ కాస్త తోడూ తీసెయ్యాలా? పోనీ చెప్పకపోతే ఈ అక్క ఇలాగే, కప్పు బల్ల మీద పెట్టే అక్కగానే మిగిలిపోతుంది. ఇన్నాళ్ళూ చిన్నది ఈ రెంటి మధ్యే తిరుగుతోంది. పరీక్ష ఒక వంక, రాత్రి డ్యూటీ దిగి ఇక్కడికి వచ్చింది చెప్పడానికే. చెప్పడానికి నాలుగు వాక్యాలున్నాయి. ఆ రోజు నేను సీట్లోనే ఉన్నాను. నీకు అబద్ధం చెప్పాను. చెబితే నీ చేతులు ఆగిపోతాయనుకున్నాను. ఆ గొంతు నాదే. ఏది ముందు పెట్టినా మిగతా మూడూ సాకుల్లా కనపడుతున్నాయి.

"ఇది చెయ్యి," అంటూ అక్క ఇంకో కాగితం ఇటు తోసింది. వంతెన గురించి, వరద గురించి, పడవవాడి గురించి. చిన్నది చదివింది, మళ్ళీ చదివింది, వంతెన ఉన్న వాక్యం మీదికి పెన్సిలు పోతుంటే ఆపుకుంది. అక్క ఎర్ర పెన్నుకు మూత పెట్టింది. మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"ఆ అమ్మాయెవరో కనుక్కోమన్నాను. కనుక్కున్నావా?"

"అలా చెప్పకూడదక్కా, రూల్సు ఒప్పుకోవు," అంది చిన్నది, ఎన్నోసారో.

"మీ రూల్సు తగలెయ్య," అంది అక్క. కిటికీలోంచి వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్న చప్పుడు, అది ఆగి ఆగి అంటుకుని వెళ్ళిపోయిన చప్పుడు. తర్వాత అక్క, పేపర్ల కట్ట అంచులు సర్దుతూ, బల్లతో చెబుతున్నట్టు చెప్పింది. "థ్యాంక్స్ చెప్పడానికనుకుంటున్నావు నువ్వు. అందుక్కాదు. ఆమెకు నేను ఒకటి చెప్పాలి. మధ్యలో నేను ఆపేశాను. అమ్మ మొహం చూశా, అది ఇంక అమ్మ మొహం కాదు, నాకు చేతులాడలేదు. ఆపేసి, నోటితో మాత్రం లెక్కపెడుతూనే ఉన్నా, ఆ అమ్మాయికి తెలియకూడదని. ఆమె పాపం నమ్మి, అలాగే చెబుతూ పోయింది. బండితో వచ్చినాయన ముందే పోయిందన్నాడు, ఏమో, వాళ్ళు అందరికీ అలాగే చెబుతారు. ఆపకపోతే బతికేదేమో. నేనే చంపుకున్నానేమో. ఎవరికీ చెప్పలేదు ఇది. నువ్వు రాలేదని అందరి దగ్గరా నీమీద పడి ఏడ్చాను గానీ, నువ్వు వచ్చుంటే నిన్నూ అలాగే మోసం చేసేదాన్ని."

చిన్నదాని కాళ్ళు కుర్చీ మీంచి జారి నేలకు తగిలాయి. చల్లగా ఉంది నేల. నొక్కే మనిషి గొంతులో అంకె విరుగుతుంది, ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు, భుజాలు కిందికి పడ్డప్పుడల్లా ఊపిరి తెగి ఒక్కో అంకె రెండు ముక్కలై వస్తుంది, అలా వస్తున్నంతసేపూ అవతల చేతులు ఆడుతున్నాయని లెక్క. అక్క అంకెలు విరుగుతూ వచ్చాయి, విరుగుతూ విరుగుతూ ఒకచోట నున్నగా అయిపోయాయి, బడిలో పిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు, ఏ అడ్డూ లేకుండా. వాటి మధ్యలో బట్ట నేలమీద రాసుకున్న చప్పుడు, బరువైనదేదో ఒడిలోకి లాక్కున్న చప్పుడు. అప్పుడు అనాల్సింది ఒకటే మాట, చేతులు ఆపకండి అని, అది నోటికి కంఠతా వచ్చిన మాట, అంతకు కొద్దిసేపటి ముందే కర్కశంగా అన్న మాట. చిన్నది అనలేదు. హాలంతా ఎవరి ఫోన్లో వాళ్ళు మాట్లాడుకుంటూ ఉంటే, అది కళ్ళ ముందున్న కంప్యూటర్ తెరలోకి చూస్తూ, అమ్మ తల ఇప్పుడు అక్క ఒడిలో ఉంది అనుకుంది, ఉండనీ అనుకుంది, అక్క ఒంటరిగా అయిపోకూడదని, లైను మూగబోతే అక్కకు ఆ ఇంట్లో ఒక్కత్తే ఉన్నానని తెలిసిపోతుందని, లెక్క చెబుతూ పోయింది, అక్క కూడా చెబుతూ పోయింది, బండి మోత అక్క ఫోన్లోంచి వినపడేదాకా ఇద్దరూ ఒకరికొకరు ఉత్త అంకెలు చెప్పుకున్నారు. మోసపోయిన పిల్ల ఎవరూ లేరు. అక్క ఆపింది, చిన్నది ఆపనిచ్చింది. ఇన్నాళ్ళూ ఒక్కతే మోస్తున్నానని చెరోచోటా కూర్చుని ఏడ్చినది ఒకే బరువు. ఏ వాక్యం ముందు అన్నది చిన్నది ఇక వెతకలేదు.

"నువ్వు చేతులు ఆపడం నాకు వినపడిందక్కా," అంది. "తెలిసే ఊరుకున్నాను."

అక్క చూసింది. చాలాసేపు చూసింది, కళ్ళలోకి కాదు, పెదాల వైపు, మాట ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టాలన్నట్టు. పేపర్ల కట్ట చేతిలోంచి జారి బల్ల మీద విచ్చుకుంది, కొన్ని కింద పడ్డాయి, ఇద్దరూ వంగలేదు.

"లెక్కపెట్టు," అంది అక్క.

చిన్నది కళ్ళు మూసుకుని ఆ గొంతు తెచ్చుకుంది, నిదానంగా, ఎవరికీ చెందని ఆ గొంతు. ఒకటి, అంది. రెండు, అంది. అక్క నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. మూడు, అంది చిన్నది, ఆ తర్వాతి అంకె నోట్లోంచి రాలేదు.

"నాలుగు," అంది అక్క.